మెత్తబడి విరిగే లోహం

రండర్రా, దగ్గరగా వచ్చి కూర్చోండి. ఆ జంపఖానా మడత పెట్టకండి, దాంతో మనకి పనుంది. ముందు ఈ తీగ చూడండి. కరెంటు పొయ్యిలో వేసే చుట్ట, ఇంకా పొయ్యి ఎక్కని కొత్తది. దీన్ని నైక్రోమ్ అంటారు. నూటికి 80 పాళ్లు నికెల్, 20 పాళ్లు క్రోమియం. అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ అనే ఆయన 1906లో దీనికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఇనుప తీగని అలా రోజూ ఎర్రగా కాలిస్తే గాలి తగిలి పొట్టుపొట్టుగా రాలిపోతుంది. దీంట్లో ఉన్న క్రోమియం మాత్రం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తీగ ఒళ్లంతా పలచటి పొర కట్టేస్తుంది. లోపలి లోహానికి ఆ పొరే కాపలా. ఇన్నేళ్లుగా ఇస్త్రీపెట్టెల్లోనూ పొయ్యిల్లోనూ ఈ తీగ నిలబడిందంటే ఆ పొర చలవే.

చిట్టీ, ఒకసారి వంచు. వంగింది కదా! మళ్లీ తిన్నగా చెయ్యి. అయింది. ఇప్పుడు నీ బలపం వంచు చూద్దాం. వద్దులే, పుటుక్కుమంటుంది, మళ్లీ ఏడుస్తావు. రెండూ గట్టివేగా, మరి ఇది వంగడమేమిటి, అది విరగడమేమిటి? మహామహులు ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. దీనికి జవాబు తెలిస్తే, అన్నిటికన్నా తేలికైన హైడ్రోజన్ ఇంత మొండి లోహాన్ని ఎలా విరగ్గొడుతుందో కూడా తెలుస్తుంది. నాకు ఈ రెండో సంగతి బోధపడిననాడు ఆ సంబరంలో నిద్ర పట్టలేదంటే నమ్మండి.

నికెల్ లోపల పరమాణువులు వరసలు కట్టి, పొర మీద పొరగా సర్దుకుని ఉంటాయి. ఎంత చిన్నవంటే, ఒక్క మిల్లీమీటరు పొడుగులో దాదాపు 40 లక్షలు పక్కపక్కన పడతాయి. తీగ వంగాలంటే ఈ పొరలు ఒకదాని మీద ఒకటి జారాలి, జారి కొత్తచోట మళ్లీ కుదురుకోవాలి. వదిలేసినా వెనక్కి రాకుండా వంగినట్టే ఉండిపోతుందే, అది ఈ జారుడు వల్లే. సరే, ఒక పొర మొత్తం ఒక్క ఊపున జారాలంటే ఎంత బలం కావాలి? 1926లో రష్యాలో ఫ్రెంకెల్ లెక్క కట్టాడు. వచ్చిన అంకె చూస్తే, మనుషులు చేతులతో తీగలు వంచడమన్నది అయ్యే పనే కాదు. నిజం లోహాలేమో ఆ లెక్కలో వెయ్యో వంతు బలానికే, శుద్ధమైనవైతే అంతకంటే తక్కువకే, లొంగిపోతాయి. లెక్కలో తప్పు లేదు. మరి జారుడు ఇంకేదో దారిలో జరుగుతోందన్నమాట.

ఆ దారి మీకిప్పుడు చూపిస్తాను. ఒరే పండూ, ఆ జంపఖానాని అటు చివర పట్టుకుని మొత్తం ఒకేసారి లాగు. కదల్లేదు చూశావా, నేలంతా పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు ఇటు చివర చిన్న ముడత చేసి, ఆ ముడతని కాలితో తోసుకుంటూ అటు చివరిదాకా తీసుకెళ్లు. అదిగో! ముడత అటు వెళ్లి మాయమైంది, జంపఖానా మొత్తం బెత్తెడు ముందుకి జరిగింది. బలం ఏపాటి పెట్టావు? అసలు పెట్టినట్టే లేదు. ఏ క్షణంలో చూసినా నేల మీంచి లేచింది ఆ ముడత ఉన్నంత మేరే. తక్కినదంతా పడుకునే ఉంది.

లోహంలోనూ అలాంటి ముడతలున్నాయి. పుస్తకాల్లో వీటి పేరు డిస్‌లొకేషన్, మనకి ముడత చాలు. పరమాణువుల పొరల మధ్య ఒక అరపొర ఎక్కువగా ఇరుక్కుని, మధ్యలో ఆగిపోయిందనుకోండి. ఆ ఆగిపోయిన అంచే ముడత. ఆ అంచుకి అరపొర ఉన్న వైపు పరమాణువులు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఇరుకిరుగ్గా ఉంటాయి. రెండో వైపు సాగి, వాటి మధ్య చోటు కాస్త వదులుగా ఉంటుంది. ఈ వదులు వైపు సంగతి గుర్తు పెట్టుకోండి, మన కథలో దొంగ దూరేది అక్కడే.

ఈ సంగతి 1934లో ముగ్గురికి విడివిడిగా తట్టింది. ఇంగ్లండులో జెఫ్రీ టేలర్, తక్కిన ఇద్దరూ బుడాపెస్టులో పుట్టినవాళ్లు, ఎగాన్ ఓరోవాన్, మైకేల్ పొలాన్యీ. టేలర్ గురించి ఒక ముక్క చెప్పకపోతే నాకు తోచదు. ఆయనకి తెరచాప పడవలంటే ప్రాణం. పాత లంగర్లు బరువెక్కువ, పట్టు తక్కువ అని, నాగలికర్రు ఆకారంలో ఇసుకలోకి దిగబడే లంగరు ఒకటి తనే కనిపెట్టాడు. ఇప్పటికీ పడవలవాళ్లు దాన్ని వాడుతున్నారు. నేలలో నాగలి ఎలా దిగుతుందో ఆలోచించిన బుర్రే లోహంలో పొర ఎలా జారుతుందో ఆలోచించింది. అలాంటి మనుషులంటే నాకు చెప్పలేనంత ఇష్టం.

అయితే అప్పటికి ముడతలు కాగితం మీది ఊహే. కంటితో చూసినవాళ్లు లేరు. 1956లో కేంబ్రిడ్జిలో పీటర్ హిర్ష్ బృందం అల్యూమినియాన్ని అతి పలచటి రేకు చేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టింది. నల్లటి సన్నగీతలు కనిపించాయి. చూస్తూ ఉండగానే అవి కదిలాయి! ఇరవై రెండేళ్లుగా నమ్ముతూ వచ్చిన వస్తువు కళ్లెదుట పాకడం ఎలా ఉండి ఉంటుందో ఊహించండి.

ఎన్నుంటాయి తాతయ్యా అంటారా? బాగా సుత్తిదెబ్బలు తిన్న లోహంలో, అంగుళం కాదు, ఒక్క ఘన సెంటీమీటరు ముక్కలో ఉన్న ముడతలన్నీ చివరా చివరా కలిపి పొడుగు కొలిస్తే కోటి కిలోమీటర్లు వస్తుంది. చంద్రుడి దాకా పాతికసార్లు పోవచ్చు! అదే ముక్కని ఎర్రగా కాల్చి మెల్లగా చల్లారనిస్తే ముడతలు చాలామటుకు పోయి, పదుల కిలోమీటర్లో వందల కిలోమీటర్లో మిగులుతుంది. మన ఆచారిగారు వెండి తీగ కమ్మచ్చులో లాగుతూ మధ్యమధ్య కుంపట్లో కాలుస్తారు చూశారూ, అది ఇందుకే. లాగిన కొద్దీ ముడతలు పెరిగి ఒకదానికొకటి అడ్డం పడి తీగ మొండికేస్తుంది. ఇక లాగితే తెగుతుంది. కాల్చగానే మళ్లీ చెప్పిన మాట వింటుంది. ఆచారిగారి తాతముత్తాతలు డిస్‌లొకేషన్ పేరు వినలేదు, అయినా వాటిని పెంచడమూ తుడిచెయ్యడమూ వాళ్ల చేతుల్లో ఉంది.

ఇక హైడ్రోజన్ దగ్గరికి వద్దాం. చాలా చిన్న పరమాణువు దానిది. గాలిబుడగలో ఉన్నప్పుడు రెండేసి పరమాణువులు జంటగా తిరుగుతాయి, ఆ జంట లోహంలోకి దూరలేదు. విడిపోతే దూరుతుంది. ఆ జంటల్ని విడగొట్టడంలో నికెల్ దిట్ట. మీ నాయనమ్మ పూర్వం డాల్డా డబ్బా తెప్పించేది. నూనెని గట్టిపరచి వనస్పతి చెయ్యడానికి ఫ్యాక్టరీల్లో వాడేది నికెల్ పొడే. నికెల్ ఒంటి మీద హైడ్రోజన్ జంటలు విడిపోయి, ఒంటరి పరమాణువులు నూనెకి అంటుకుంటాయి. ఫ్రాన్సులో పాల్ సబాటియే ఈ నికెల్ విద్య బయటపెట్టి 1912లో నోబెల్ అందుకున్నాడు. నూనె దగ్గర లేనప్పుడు, లేదా యాసిడ్లో ముంచినప్పుడో, సముద్రపు నీళ్లలో తుప్పు పట్టకుండా కరెంటు పెట్టినప్పుడో, ఆ ఒంటరి హైడ్రోజన్‌లో కొంత తిన్నగా లోహంలోకి జారుకుంటుంది. నికెల్ పరమాణువుల మధ్య ఉన్న సందుల్లో సర్దుకుంటుంది. లక్ష నికెల్ పరమాణువులకి ఏ కొన్ని పదులో హైడ్రోజన్ చేరిందంటే చాలు, లోహం స్వభావం మారిపోవడానికి.

దీన్ని మొదట పట్టుకున్నవాడు మాంచెస్టర్‌లో తీగల పరిశ్రమకి చెందిన విలియం జాన్సన్. 1875లో ఇంగ్లండు రాయల్ సొసైటీకి తన పరీక్షలు వివరించాడు. తుప్పు వదలడానికి ఇనుప తీగని కాసేపు యాసిడ్లో ముంచుతారు. అంతకుముందు రెండు మూడుసార్లు మడిచినా తెగని తీగ, ముంచి తీశాక మొదటి మడతకే పుటుక్కున తెగింది. సరే, యాసిడ్ తినేసిందేమో అనుకుంటాం. కానీ అదే తీగని కొద్దిరోజులు ఊరికే వదిలేస్తే మళ్లీ ఎప్పటి గట్టితనం వచ్చేసింది! యాసిడ్ తిన్నదైతే తిరిగి ఎలా వస్తుంది? ఆయన ఇంకోటి కూడా గమనించాడు. తాజాగా విరిగిన మొహాన్ని తడిపితే అక్కడ సన్నటి నురగ లేచింది. లోపల దాక్కున్న వాయువు బయటికొస్తోంది. ఆ వాయువు హైడ్రోజన్. మైక్రోస్కోపు మాట దేవుడెరుగు, ఒక తీగ, ఒక గిన్నెడు యాసిడ్, చూసే కన్ను, అంతే. నూట యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ పరిశీలనలో వేలుపెట్టి తప్పనడానికి ఏమీ లేదు.

ఇనుములో హైడ్రోజన్ చకచకా పరుగెడుతుంది. శుద్ధమైన ఇనుములో మిల్లీమీటరు దూరం పోవడానికి కొద్ది నిమిషాలు చాలు. నికెల్‌లో మాత్రం నత్తనడక. మామూలు ఎండలో పెట్టిన నికెల్ ముక్కలో రోజంతా పాకినా ఒక వెంట్రుక మందం లోపలికి పోతుంది, అంతే. అందుకే నికెల్, క్రోమియం మిశ్రమాల్లో ఈ జబ్బు నిదానంగా వస్తుంది, వచ్చాక నిదానంగా పోతుంది.

మరి లోపల ఏం చేస్తుంది? చాలాకాలం అందరూ అనుకున్నది ఏమిటంటే, హైడ్రోజన్ లోహాన్ని బలపంలా పెళుసుగా మార్చేస్తుందని, పరమాణువుల మధ్య పట్టు సడలగొడుతుందని. ఇందులో నిజం లేకపోలేదు, ఆ వాదం ఈనాటికీ బతికే ఉంది. కానీ 1972లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో బీచెమ్ అనే ఆయన విరిగిన మొహాల్ని దగ్గరగా చూసి ఉల్టా మాట అన్నాడు. హైడ్రోజన్ జారుడుని ఆపడం లేదు, అది జారుడుకి సాయం చేస్తోంది అన్నాడు. చాలామందికి మింగుడు పడలేదు. జారుడు సులువైతే లోహం మెత్తబడాలి, మెత్తబడ్డది వంగాలి, విరగడమేమిటి?

1980లలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బర్న్‌బామ్, రాబర్ట్‌సన్ ఆ తగువు తేల్చడానికి కూర్చున్నారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లోపలే చిన్న గది కట్టి, అందులోకి వాయువు వదిలే ఏర్పాటు చేశారు. పలచటి లోహపు రేకుని కొంచెం లాగి అక్కడే పట్టుంచారు. ముడతలు కాస్త పాకి, అడ్డం తగిలినచోట ఆగిపోయాయి. లాగే బలం వెంట్రుకవాసి కూడా పెంచకుండా హైడ్రోజన్ వదిలారు. ఆగిపోయిన ముడతలు కదిలాయి! వాయువు తీసేశారు, నెమ్మదించాయి. మళ్లీ వదిలారు, మళ్లీ పరుగు. నికెల్‌లోనూ ఇంతే, ఇనుములోనూ ఇంతే, అల్యూమినియంలోనూ ఇంతే. ఆ తర్వాత 1998లో ఫెరేరా అనే ఆయన వాళ్లిద్దరితో కలిసి 25 పాళ్లు క్రోమియం, 20 పాళ్లు నికెల్ ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకున్నాడు. అందులో ఒక అడ్డం ముందు వరసకట్టి నిలబడ్డ ముడతలున్నాయి. హైడ్రోజన్ వదిలిన కొద్దీ అవి ఒకదానికొకటి దగ్గరగా జరిగాయి. వాయువు తీసేస్తే తిరిగి ఎడంగా వచ్చాయి.

ఎందుకలా? ఇందాక ముడతకి వదులు వైపు ఉందన్నాను కదూ. చిన్నారి హైడ్రోజన్‌కి సందుల్లో అదే సుఖమైన చోటు, అక్కడ చేరి గుంపు కడుతుంది. ఒకే రకం ముడతలు మామూలుగా ఒకదాన్నొకటి దూరంగా తోసుకుంటాయి. ఒకదాని నొక్కుడు, సాగుడు రెండోదానికి తగులుతాయి కాబట్టి. వాటి చుట్టూ హైడ్రోజన్ గుంపు కట్టాక ఆ నొక్కుడూ సాగుడూ అవతలి దానికి అంతగా తగలవు. తోపులాట తగ్గింది. అడ్డాల పట్టూ తగ్గింది. దాంతో ముడతలు దగ్గర దగ్గరగా, తక్కువ బలంతో నడుస్తాయి.

ఇక్కడ చిట్టి మొహం చిట్లించింది. నడిస్తే మంచిదేగా తాతయ్యా, వంగుతుందిగా అంటోంది. కరెక్టుగా అడిగావే తల్లీ. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

నికెల్ ముక్కని అద్దంలా మెరుగుపెట్టి లాగితే దాని మీద సన్నగీతలు పడతాయి. లోపలి పొరలు జారి బయటికొచ్చిన మెట్లవి. 1899లోనే కేంబ్రిడ్జిలో యూయింగ్, రోజెన్‌హైన్ ఈ గీతలు చూసి, లోహం వంగడమంటే పొరలు జారడమేనని గుర్తుపట్టారు. మామూలు నికెల్‌లో ఈ గీతలు దట్టంగా, ముక్కంతా పరుచుకుని, ఒక్కొక్కటి చిన్న మెట్టుతో ఉంటాయి. అంటే జారుడు అందరూ పంచుకున్నారు. ప్రతి పొరా తన వంతు కొంచెం జరిగింది. హైడ్రోజన్ పట్టిన నికెల్‌లో గీతలు కొన్నే, ఎడంగా. ఒక్కో మెట్టు మాత్రం ఎత్తుగా ఉంటుంది. ఫ్రాన్సులో సాంతెత్యెన్, లా రొషెల్ శాస్త్రజ్ఞులు శుద్ధమైన నికెల్‌నీ, 16 పాళ్లు క్రోమియం కలిపిన నికెల్‌నీ పక్కపక్కన పెట్టి, పైన ఈ గీతల్నీ లోపల ముడతల అమరికనీ జతచేసి పరిశీలించారు. ముక్క మొత్తంగా సాగింది కొంచెమే. కానీ ఆ కొంచెం ఎవరి నెత్తిన పడిందో చూడండి! గుప్పెడు పొరల నెత్తిన. ఒక పొరలో ఒక ముడత దారి చేస్తే, వెనకాలే హైడ్రోజన్‌ని వెంటబెట్టుకుని ఇంకోటి, ఇంకోటి, అదే దారిన. పక్క పొరలు చోద్యం చూస్తూ ఉంటాయి. ఆ పొరలు పోయి ఎక్కడ తగులుకుంటే అక్కడ బరువంతా పేరుకుంటుంది.

ఈ గొడవలో క్రోమియం పాత్ర ఏమిటంటారా? లోహంలో ముడతకి అడ్డం తగిలినప్పుడు ఒక ఉపాయం ఉంటుంది. తను పాకుతున్న పొర వదిలి పక్క పొరలోకి మళ్లి, అడ్డం దాటి పోవడం. నికెల్‌లో ఇది బాగానే సాగుతుంది. నిజానికి ఒక్కో ముడత రెండు సగాలుగా విడిపోయి, మధ్యలో సన్నటి పట్టీ సాగదీసుకుని నడుస్తుంది. పక్క పొరలోకి మళ్లాలంటే ఆ రెండు సగాలూ ముందు ఒక్కటవ్వాలి. నికెల్‌లో పట్టీ సన్నం కాబట్టి ఇట్టే కలుస్తాయి. క్రోమియం కలిపేసరికి ఆ పట్టీ వెడల్పవుతుంది, కలవడం కష్టమవుతుంది. హైడ్రోజన్ కూడా ఆ వైపే నెడుతుంది. పైగా అది ముడత వదులు వైపు పేరుకుని, తిరిగి మళ్లనివ్వదు. అసలే తిన్నగా పోయే అలవాటున్న ముడతని ఇంకా తిన్నగా తోలడమన్నమాట. పై పొర కట్టి హైడ్రోజన్‌ని బయటే ఆపేదీ ఈ క్రోమియమే, దొంగ లోపలికొచ్చాక వాడి దారి తిన్నగా చేసేదీ ఈ క్రోమియమే. మంచీ చెడూ ఒకే ఇంట్లో ఉన్నాయి మరి.

ఇంకో విచిత్రం. హైడ్రోజన్ ముడతల్ని పరుగెత్తిస్తుందన్నాను కదా, అదే హైడ్రోజన్ వాటిని కట్టేస్తుంది కూడా. ముక్కని లాగుతూ లాగుతూ మధ్యలో ఆపండి. కాసేపు ఆగండి. మళ్లీ లాగితే మొదట మొరాయించి, ఒక్క కుదుపుతో లొంగుతుంది. ఆగిన కాసేపట్లో హైడ్రోజన్ వచ్చి ముడతల కింద గుంపు కట్టి కూర్చుంది. దాన్ని వదిలించుకోవడానికే ఆ కుదుపు. ఇనుములో కార్బన్ ఇలా చేస్తుందని కాట్రెల్, బిల్బీ 1949లో చెప్పారు, హైడ్రోజన్‌దీ ఆ వరసే. హైడ్రోజన్ పట్టిన నికెల్‌ని బాగా చల్లబరిచి లాగితే పట్టి వదిలి, పట్టి వదిలి, గ్రాఫులో రంపపు పళ్లలా గీత వస్తుంది.

పరుగెత్తించడమూ కట్టెయ్యడమూ రెండూ ఎలా నిజం? నడక వేగం మీద ఉంది కథంతా. చాలా గట్టిగా, గబుక్కున లాగితే ముడత పారిపోతుంది, హైడ్రోజన్ వెనకబడిపోతుంది, జబ్బే కనిపించదు. నిదానంగా లాగితే హైడ్రోజన్ పక్కనే నడుస్తుంది, పనంతా చేస్తుంది. అందుకే ఈ పరీక్షలు చేసేవాళ్లు యంత్రాన్ని అతి నెమ్మదిగా, ఒక్కోసారి రోజుల తరబడి లాగిస్తారు. వేడి ఎక్కువైతే హైడ్రోజన్ ముడత దగ్గర నిలవదు, చలి ఎక్కువైతే కదల్లేదు. మధ్యలో, మనం చొక్కా వేసుకుని హాయిగా తిరిగే వేడి దగ్గర, దానికి భలే అనువు. ఇన్ని ఊళ్లు వదిలి మనుషులుండే ఊరికే వచ్చింది చూడండి!

మరి నిజంగా జారుడు వల్లే విరిగిందనడానికి సాక్ష్యం? హైడ్రోజన్ పట్టిన నికెల్ విరిగితే మొహం నున్నగా, పలకలు పలకలుగా కనిపిస్తుంది. లోహం అంతా చిన్న చిన్న స్ఫటికాలు అతుక్కుని ఏర్పడింది కదా, ఆ అతుకుల వెంట విడిపోయినట్టుంటుంది. చూసినవాడెవడైనా, ఇక్కడ వంగడమే జరగలేదు, బలపంలా పగిలింది అంటాడు. 2012లో మార్టిన్, రాబర్ట్‌సన్, సొఫ్రోనిస్, ఇంకొందరు కలిసి ఆ నున్నటి మొహం కిందనుంచే అతి పలచటి పొర చెక్కి మైక్రోస్కోపులో పెట్టారు. కింద చూస్తే ముడతల పుట్ట! ఆ ముక్క పైకి సాగినదానికి అంత గజిబిజి ఉండనే కూడదు, అంతకు చాలా రెట్లు సాగినదాంట్లో ఉండాల్సింది అక్కడుంది. నున్నగా విరిగిన మొహం కింద అంత జారుడు దాక్కుని ఉంది. ముడతలు మోసుకొచ్చిన హైడ్రోజన్ అతుకుల దగ్గర పోగుపడింది. ఆ అతుకుల మీదికి పొరల మెట్లు గుద్దుకుంటూ వచ్చాయి. అలా నలిగిన అతుకు, హైడ్రోజన్ పట్టు సడలించిన అతుకు, విడిపోయింది. చూశారా, జారుడు సులువవడమూ పట్టు సడలడమూ ఒకదానికొకటి శత్రువులు కావు, చెయ్యీ చెయ్యీ కలిపాయి. నాకు ఈ సంగతిలో ఉన్నంత అందం ఇంకెక్కడా కనిపించదు. లోహాన్ని విరిచింది దాని గట్టితనం కాదు, ఒకేచోట ఎక్కువైన దాని మెత్తదనం.

ఇదంతా ప్రయోగశాల ముచ్చటేనా అనుకోకండి. అణు విద్యుత్ కేంద్రాల్లో వేలాది సన్నటి గొట్టాల్లో వేడినీళ్లు తిరుగుతూ ఉంటాయి. చాలా దేశాల్లో మొదట్లో ఆ గొట్టాలకి వాడింది అల్లాయ్ 600, అందులో నికెల్ 72 పాళ్లకి పైనే, క్రోమియం పదిహేను పాళ్లు అటూ ఇటూ. 1959లో ఫ్రాన్సులో ఆన్రీ కోర్యూ, 350 డిగ్రీల శుభ్రమైన నీళ్లలోనే ఇది పగుళ్లు విడుస్తుందని చూపిస్తే పరిశ్రమవాళ్లు నమ్మలేదు. తర్వాత నిజం కేంద్రాల్లోనే పగుళ్లు వచ్చాయి. 2002లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేవిస్-బెస్సీ కేంద్రంలో, ఆ లోహంతో చేసిన ఒక గొట్టం పగిలి, బోరిక్ యాసిడ్ కలిసిన నీరు కారీ కారీ, రియాక్టరు మూత ఉక్కుని ఆరంగుళాల మందం తినేసింది. లోపలి పలచటి స్టెయిన్‌లెస్ పొర ఒక్కటే నిలబడి ఆపింది! ఆ వేడినీళ్ల పగుళ్లలో హైడ్రోజన్ వాటా ఎంత, ఆక్సిజన్ వాటా ఎంత అని శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు కొత్త గొట్టాలకి క్రోమియం 30 పాళ్ల దాకా పెంచిన అల్లాయ్ 690 వాడుతున్నారు, అది చాలా మెరుగ్గా నిలబడింది.

మన హైదరాబాదులో కంచన్‌బాగ్ దగ్గర మిధాని అనే లోహాల కర్మాగారం ఉంది, 1973లో పెట్టింది. నికెల్, క్రోమియం కలిసిన ఇలాంటి మేలురకం లోహాలు అక్కడ పోతపోస్తారు. మన శ్రీహరికోట నుంచి లేచే ఎల్‌వీఎం3 రాకెట్టు పైమెట్టుకి ఇంధనం ద్రవ హైడ్రోజనే, మైనస్ 253 డిగ్రీల చలిలో ఉంటుంది. పండూ, ఇందాక చెప్పిందాన్ని బట్టి చెప్పు, ఆ చలిలో హైడ్రోజన్ లోహానికి చేటు చేస్తుందా? చెయ్యదు, కదల్లేక పడుకుంటుంది. భయమంతా ఆ హైడ్రోజన్ వెచ్చబడి వాయువుగా మారి, గట్టి ఒత్తిడితో తిరిగేచోట్ల. అక్కడ వేసే లోహాన్ని హైడ్రోజన్‌లో పెట్టి, నిదానంగా లాగి చూశాకే వాడాలి.

పట్టిన హైడ్రోజన్‌ని వదిలించవచ్చా అని అడగబోతున్నావు కదూ, నీ మొహంలో కనిపిస్తోంది. జాన్సన్ తీగ తనంతట తానే కోలుకుంది కదా, ఇనుములో పరుగు ఎక్కువ కాబట్టి. బోల్టులకి పూత వేసే షాపుల్లో ఉక్కు బోల్టుల్ని తొట్టిలోంచి తీశాక 200 డిగ్రీల దరిదాపుల్లో గంటల తరబడి పొయ్యిలో ఉంచుతారు, హైడ్రోజన్ బయటికి పోతుంది. నికెల్‌లో వెంట్రుక మందం పాకడానికి రోజు పట్టేది, ఆ వేడిలో రోజుకి మిల్లీమీటరు పైనే పోతుంది. కాబట్టి ముక్క ఎంత మందమో చూసుకుని అన్నాళ్లు ఉంచాలి. అయితే ఈ కాల్చడం ఆలస్యం చెయ్యకూడదు. పూత తొట్టిలోంచి తీసిన గంటల్లోనే పొయ్యి ఎక్కించాలి, ఈలోగా బోల్టు మీద బరువు పడనివ్వకూడదు. హైడ్రోజన్‌ని వెళ్లగొట్టవచ్చు గానీ, అప్పటికే విడిపోయిన అతుకుని ఆ వేడి మళ్లీ కలపలేదు.